‘జీతం పదిహేను వేలు’… ఎన్ని గంటలకు?

జడ్చర్ల చౌరస్తాలోనో, షాద్‌నగర్ బైపాస్ మీదో, చౌటుప్పల్ బస్టాండు చుట్టుపక్కలో కరెంటు స్తంభాల వంక చూస్తే ఒకే తీరు కాగితం కనిపిస్తుంది. ‘హెల్పర్లు కావలెను. 12 గంటల డ్యూటీ. జీతం 15,000. రూం ఫ్రీ.’ కింద ఫోన్ నంబరు. చదివినవాళ్ల కళ్లు జీతం దగ్గర ఆగుతాయి. లేబర్ ఆఫీసు దాకా వచ్చే తగాదాలు మాత్రం ఎక్కువగా ఆ ముందున్న ‘12 గంటల’ దగ్గరే పుడతాయి.

ఈ మధ్య ఆ గంటల మీద గందరగోళం ఇంకా పెరిగింది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి వీలు కల్పిస్తూ జీవో ఇచ్చింది. అదే ఏడాది నవంబరు 21న కేంద్రం పాత కార్మిక చట్టాలను కలిపి రాసిన నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. అప్పటినుంచి వాట్సాప్ గ్రూపుల్లో మూడు మాటలు తిరుగుతున్నాయి. ‘ఇక పన్నెండు గంటల డ్యూటీయే చట్టమట’, ‘వారానికి నాలుగు రోజులు చేస్తే చాలట’, ‘చేతికొచ్చే జీతం తగ్గుతదట’. మూడింట్లోనూ కొంత నిజం ఉంది. అందుకే చిక్కు.

## జీతగాడికి గంట లేదు

మన ఊళ్లలో పనికి చెల్లించే తీరులు మూడు ఉండేవి. ఉగాదికి మాట్లాడుకుని ఏడాదంతా పటేల్ ఇంట్లో ఉండేవాడు జీతగాడు. పొద్దు పొడిచి పొద్దు గూకేదాకా చేసేది కైకిలి. పని మొత్తానికి ఇంతని ఒప్పుకునేది గుత్త. ఈ మూడింటిలో గంట అన్న లెక్కే లేదు. జీతగాడు అర్ధరాత్రి మోటరు పెట్టడానికి లేచినా, తెల్లారి పెండ తీసినా అదంతా ‘జీతం’లోకే వచ్చేది. దానికీ కింది మెట్టు వెట్టి. నల్లగొండ జిల్లా ఆ మాటను ఎంత రక్తం పెట్టి చెరిపిందో వేరే చెప్పనక్కర్లేదు.

గంట లెక్క మనకు ఫ్యాక్టరీ సైరన్‌తో వచ్చింది. గడియారం వచ్చింది గానీ పాత అర్థం పోలేదని నాకనిపిస్తుంది. స్తంభం మీది కాగితంలో ‘జీతం’ అన్నప్పుడు యజమాని మనసులో ఉన్నది మనిషి నెల మొత్తం. చట్టం దృష్టిలో ఉన్నది ఫలానా గంటలు. ఒకే మాటను ఇద్దరు రెండు అర్థాల్లో వాడుతున్నారు.

## ఎనిమిది, తొమ్మిది, పది, పన్నెండు: ఏ అంకె ఎవరిది

1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు తొమ్మిది గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని ఉండేది. విరామాలతో కలిపి డ్యూటీ మొత్తం పదిన్నర గంటల్లో ముగియాల్సి ఉండేది. దాని స్థానంలో వచ్చిన కొత్త వృత్తి భద్రత కోడ్ రోజుకు ఎనిమిది గంటలు అంటుంది, వారానికి ఆరు రోజులకు మించి పని చేయించకూడదంటుంది. అంతకు మించి చేయించాలంటే కార్మికుడు ఒప్పుకోవాలి, ఆ గంటలకు రెట్టింపు కట్టాలి.

తెలంగాణ జీవోలోని పది గంటలు ఫ్యాక్టరీలకు కాదు. అది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద ఇచ్చిన మినహాయింపు. అందులోనూ దుకాణాలను పక్కన పెట్టి వాణిజ్య సంస్థలకే ఇచ్చారు. అంటే మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి బట్టల షాపులో నిలబడి చీరలు చూపించే అమ్మాయికి ఆ జీవో చూపించి పది గంటలు నిలబెట్టడానికి లేదు. వర్తించే చోట కూడా వారం మొత్తం 48 గంటలే. నాలుగు రోజులు పదేసి గంటలు చేస్తే ఐదో రోజుకు మిగిలేది ఎనిమిది. అది దాటితే ఓటీ, అంటే ఓవర్‌టైం. ఆ ఓటీ కూడా మూడు నెలల్లో 144 గంటలు మించకూడదు. విరామంతో కలిపి ఏ రోజూ పన్నెండు గంటలు దాటకూడదు.

ఇక ‘నాలుగు రోజుల వారం’. కేంద్ర కార్మిక శాఖ ఇచ్చిన వివరణ ఏమిటంటే, వారానికి 48 గంటల హద్దు దాటకుండా రోజుకు విరామంతో కలిపి పన్నెండు గంటల చొప్పున నాలుగు రోజులు చేసే ఏర్పాటు ఉండొచ్చు, మిగతా మూడు రోజులూ జీతంతో కూడిన సెలవు. స్తంభం మీది కాగితం ఇందులో మొదటి సగాన్నే తీసుకుంది. పన్నెండు గంటలు ఉంది, మూడు రోజుల సెలవు లేదు.

## పదిహేను వేలను విప్పి చూస్తే

లెక్క కోసం ఒక అంకె అనుకుందాం. ఒక పనికి కనీస వేతనం నెలకు 13,000 రూపాయలు. (నిజమైన అంకె పనిని బట్టి, నైపుణ్యాన్ని బట్టి మారుతుంది. మూల వేతనం మీద కరువు భత్యం ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి సవరిస్తారు.) నెలకు 26 పని దినాలతో భాగిస్తే రోజుకు 500. ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 62.50. రెట్టింపు రేటున ఓటీ గంటకు 125.

26తోనే ఎందుకు భాగించాలి, నెలకు 30 రోజులు కదా అని చాలామందికి అనుమానం. వారంలో ఒక రోజు సెలవు కలిపే నెల జీతం కట్టారు కాబట్టి. పని చేసిన ఆరు రోజుల రేటులోనే ఏడో రోజు తిండి కూడా ఉంది. కొందరు కాంట్రాక్టర్లు 13,000ను 30తో భాగించి రోజుకు 433 అని చెప్పి, వచ్చిన రోజులకే లెక్కగట్టి ఆదివారాలు కోసేస్తారు. అలా చేస్తే 26 రోజులు వచ్చినవాడికి 11,258 రూపాయలే. గొడవలేమీ లేకుండానే 1,742 రూపాయలు పోయాయి.

ఇప్పుడు కాగితం మీది ఉద్యోగానికి వద్దాం. పన్నెండు గంటల డ్యూటీ. భోజనానికి, టీకి కలిపి ఒక గంట తీసేస్తే పని 11 గంటలు. సెలవు మాట ఎక్కడా రాయలేదు కాబట్టి నెలకు 30 రోజులూ రావాలి. మొత్తం 330 గంటలు. 15,000ను 330తో భాగిస్తే గంటకు 45 రూపాయల చిల్లర. కనీస వేతనం వచ్చేవాడి గంట 62.50 అని ఇంతకుముందే చూశాం. ఎక్కువ జీతం అనుకుని వచ్చినవాడి గంట నిజానికి చౌకగా పోయింది.

అదే నెలకు చట్టం లెక్క వేస్తే ఎంత? 26 రోజులకు 13,000. ఆ 26 రోజుల్లో రోజుకు మూడు గంటల ఓటీ అంటే 78 గంటలు, 9,750 రూపాయలు. సెలవు రోజుల్లో వచ్చిన నాలుగు రోజులు, 44 గంటలు, అవీ ఓటీ కింద 5,500. కలిపితే 28,250. అంటే 15,000కు ఇంకో 13,250 చేరాలి. అసలు నెలకు 122 గంటల ఓటీ చేయించడమే కుదరదు. మూడు నెలల హద్దు 144 అయిన చోట అది రెండో నెల మధ్యకు రాకముందే నిండిపోతుంది.

అందుకే ఈ ఉద్యోగాల్లో ‘ఓటీ’ అన్న మాట కాగితం మీదికి రాదు. ‘డబల్ డ్యూటీ’ అంటారు, ‘ఇన్సెంటివ్’ అంటారు, కవరులో పెట్టి ఇస్తారు. సంతకం పెట్టించుకునే రిజిస్టరులో మాత్రం 26 రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, చక్కగా.

## రెట్టింపు సరే, దేనికి రెట్టింపు?

చేతికొచ్చే జీతం తగ్గుతుందన్న మాటకు మూలం ఇక్కడుంది. నాలుగింటిలో ఒకటైన వేతనాల కోడ్ ‘వేతనం’ అంటే ఏమిటో తిరగరాసింది. మూల వేతనం, కరువు భత్యం వేతనమే. ఇంటి అద్దె, రాకపోకల ఖర్చు, ఓటీ, కమిషన్ లాంటివి వేతనం కాదు. అయితే ఈ ‘కాదు’ జాబితా మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన ముక్కను తిరిగి వేతనంలో కలపాలి.

ఒక పే స్లిప్ తీసుకుందాం. మూల వేతనం, కరువు భత్యం కలిపి 7,000. ఇంటి అద్దె 5,000. రాకపోకలు 4,000. మొత్తం 16,000. మినహాయింపులు 9,000, సగం అంటే 8,000. దాటిన వెయ్యి వేతనంలోకి వచ్చి చేరుతుంది. వేతనం 8,000 అయింది. పీఎఫ్ 12 శాతం చొప్పున ఇదివరకు 840 కోసేవారు, ఇప్పుడు 960. చేతికి 120 తగ్గింది. యజమాని వంతు కూడా అంతే పెరిగి కార్మికుడి పీఎఫ్, పింఛను లెక్కలోకే చేరుతుంది, ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ లెక్కా పెరుగుతుంది. నెలాఖరున కిరాణం ఉద్దెర కట్టాల్సినవాడికి ఆ 120 ఇవాళ్టి డబ్బు, పీఎఫ్ ఎప్పటిదో. జీతం తగ్గిందనేవాళ్లు, లాభమేననేవాళ్లు ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు వినిపించడానికి కారణం ఇదే.

అంతగా చర్చకు రాని ఇంకో మడత ఉంది. ఫ్యాక్టరీల చట్టం ఓటీ లెక్కలో బోనస్, ఓటీ తప్ప కార్మికుడికి రావాల్సిన భత్యాలను కలిపేది. కొత్త నిర్వచనంలో ఇంటి అద్దె వేతనం కాదు. పై స్లిప్‌నే చూస్తే రెట్టింపు కట్టాల్సింది 16,000 మీదనా, 8,000 మీదనా? మొదటి పద్ధతిలో గంటకు 154 దాకా వచ్చే ఓటీ రెండో పద్ధతిలో 77కు పడుతుంది. మామూలు గంటకు అన్నీ కలిపి వచ్చేది కూడా 77 రూపాయలే. పేరుకు రెట్టింపు, చేతికి ఒకటింతే. యాజమాన్యాల సలహాదారులు చిన్న నిర్వచనం వైపు, కార్మిక సంఘాలు పెద్ద లెక్క వైపు నిలబడతాయి. నా మటుకు, కోడ్‌ల మొత్తంలో మామూలు కార్మికుడి జేబును నేరుగా తాకేది ఈ ఒక్క ప్రశ్నే.

## గేటు దగ్గరి గడియారం, లోపలి గడియారం

మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లను అడిగితే ఇంకో సంగతి చెబుతారు. గేటు లోపలికి వచ్చాక చెప్పులు విప్పాలి, చేతులు కడగాలి, బట్టలు మార్చుకోవాలి, తలకు టోపీ, మూతికి మాస్కు, కాళ్లకు తొడుగులు. అప్పుడు లోపలి తలుపు తెరుచుకుంటుంది. వేలిముద్ర మిషన్ గేటు దగ్గరుంటే ఆ సమయం డ్యూటీ. లోపలి తలుపు దగ్గరుంటే ఎవరిదీ కాదు. వచ్చేటప్పుడు పది నిమిషాలు, పోయేటప్పుడు పది అనుకున్నా నెలకు 520 నిమిషాలు. ఎనిమిది గంటల నలభై నిమిషాలు. ఒక పూర్తి రోజు పని, మిషన్ ఏ గోడకు బిగించారన్న దాంట్లో కలిసిపోయింది. యజమాని చెప్పినట్టే బట్టలు మార్చుకుంటున్నాడు కాబట్టి అది పనేనన్నది ఒక వాదన. తయారై రావడం ఉద్యోగి బాధ్యత అన్నది రెండోది. యూనిఫాం ఇంట్లోనే వేసుకుని రాగలిగిన సెక్యూరిటీ గార్డు విషయంలో రెండో వాదనకు కొంత బలం ఉందేమో గానీ, బయట వేసుకోవడమే నిషేధమైన చోట నిలబడదు.

నాగాల కోత సంగతి ఇంత చిక్కు కాదు. ‘ఒక రోజు నాగా పెడితే రెండు రోజులు కోత’ అన్న రూలు చాలాచోట్ల సూపర్‌వైజర్ నోట వినిపిస్తుంది. రాని రోజుకు ఆ రోజు వేతనం మించి కోయడానికి చట్టం ఒప్పుకోదు. పదిమంది, అంతకంటే ఎక్కువమంది కూడబలుక్కుని నోటీసు లేకుండా మానేస్తే మాత్రం ఎనిమిది రోజుల దాకా కోతకు వీలుంది. జ్వరమొచ్చి పడుకున్నవాడికి దానితో సంబంధం లేదు. జరిమానాలు ఎన్ని వేసినా ఆ నెల వేతనంలో మూడు శాతం దాటకూడదు, వేసేముందు అతని జవాబు వినాలి. అన్ని కోతలూ కలిపి వేతనంలో సగం మించకూడదు.

కరెంటు లేదనో, సరుకు రాలేదనో గేటు దగ్గర నుంచే వాపసు పంపితే? కనీస వేతనం నిర్ణయించిన పనిలో యజమాని వైపు కారణంతో గంటలు తగ్గితే రోజు మొత్తానికి వేతనం రావాలి. పని చేయడానికి అతనే ఇష్టపడకపోతే తప్ప.

## బస్తాకు ఇంత, కిలోకు ఇంత

మిర్యాలగూడ రైసు మిల్లుల్లో హమాలీకి గంటతో పనిలేదు, బస్తా లెక్క. పత్తి ఏరే ఆడవాళ్లకు కిలో లెక్క. ఇలాంటిచోట గంటల చట్టం ఎందుకని అనిపిస్తుంది. కనీస వేతనం రోజు లెక్కన ఉన్న పనిలో ఇలా బస్తాకో, కిలోకో ముక్క రేటు ఇచ్చినా ఆ రోజు కనీసానికి తక్కువ కాకూడదన్నది నియమం.

పత్తినే చూడండి. మొదటి ఏరుడులో చెట్టు తెల్లగా విరగబూసి ఉంటుంది. కిలోకు 12 రూపాయలనుకుంటే 40 కిలోలు ఏరిన ఆమెకు 480. మూడో ఏరుడుకు వచ్చేసరికి ఎండిన కాయలో వేలు పెట్టి గీరుకోవాలి. అదే ఆమె, అదే పొద్దు, 20 కిలోలు. రేటు 15కు పెంచినా 300. ఆమె కష్టం తగ్గలేదు, చేనులో పత్తి తగ్గింది. చేనులో పత్తి తగ్గిన నష్టం రైతుదా, ఏరినామెదా? ముక్క రేటు ఆ నష్టంలో కొంత చప్పుడు లేకుండా ఆమె మీదికి తోసేస్తుంది. ఆ రైతేమీ పెద్ద సేటు కాదు, మూడెకరాల ఎర్ర చెలకవాడు, వాన పడకపోతే అతనూ పట్నం బస్సెక్కేవాడే. ఇది కంపెనీ, కార్మికుడి కథంత సూటిగా ఉండదు.

## యజమానుల మాట, కుర్రవాళ్ల మాట

చిన్న యూనిట్లు నడిపేవాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. వానాకాలం పంట, యాసంగి పంట మిల్లుకు ఒక్కసారిగా వచ్చిపడతాయి. రెండు నెలలు రాత్రింబవళ్లు, తర్వాత ఖాళీ. రెట్టింపు కట్టి మనుషుల్ని పెట్టుకుంటే మర ఆడించిన ధర గిట్టదంటారు. ఇంకొకరికి పని చేసిపెట్టే కాంట్రాక్టర్‌దీ అలాంటి గోడే. పెద్ద కంపెనీ తలకు ఇంతని రేటు కడుతుంది, తక్కువ చెప్పినవాడికి టెండరు ఇస్తుంది. ఆ రేటులో కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ, రెట్టింపు ఓటీ కలిపి ఇమడవని రేటు ఇచ్చినవాళ్లకూ తెలుసు. కాంట్రాక్టర్ వేతనం ఎగ్గొడితే కట్టాల్సిన బాధ్యత అసలు కంపెనీ మీద పడుతుందని చట్టం చెబుతుంది కాబట్టి, ఈ ‘తెలుసు’ ఊరికే పోయే మాట కాదు.

ఇక కార్మికుల్లోనూ ఒకే మాట లేదు. బీహార్, ఒడిశా నుంచి వచ్చి రూముల్లో ఆరుగురు చొప్పున ఉండే కుర్రవాళ్లు పన్నెండు గంటలే కావాలంటారు. ఎనిమిది గంటలు చేసి రూంలో కూర్చుంటే ఇంటికి పంపేది మిగలదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చే ఆడవాళ్లు ఎనిమిది గంటలకు మించి ఉండలేరు. ఆరు దాటితే ఆఖరి బస్సు, ఇంట్లో పిల్లల టెన్షన్. ‘మా దగ్గర లోకల్ వాళ్లు నిలవరు’ అని మేనేజర్లు అంటుంటారు. నిలవనిది లోకల్ మనుషులా, పన్నెండు గంటలా అన్నది ఎవరూ తేల్చి చూడరు. ఓటీకి గంటకు 125 వచ్చే పనైతే ఆ కుర్రవాళ్లు కూడా నెలకు 330 గంటలు అడుగుతారా అన్నది నా అనుమానం.

## కాగితం ఎవరి దగ్గరుంటే

గంటల తగాదాలో సగం సాక్ష్యం తగాదా. వేతనం కట్టానని నిరూపించాల్సిన భారం యజమానిదేనని కోడ్ చెబుతుంది. క్లెయిం వేయడానికి మూడేళ్ల గడువు. మానేసినా, తీసేసినా రెండు పని దినాల్లో లెక్క తేల్చాలి. నెల జీతం మరుసటి నెల ఏడో తేదీ లోపు రావాలి. నియామక పత్రం తప్పనిసరి. ఇవన్నీ కార్మికుడి వైపు మొగ్గే నియమాలే.

రెండో వైపున, తనిఖీ చేసే అధికారి పేరు ఇప్పుడు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’. తప్పు దొరికితే కేసు పెట్టేముందు సరిదిద్దుకోవడానికి గడువివ్వాలి. ఐదేళ్లలో అదే తప్పు మళ్లీ చేస్తే ఆ గడువు లేదు. తక్కువ కట్టినందుకు మొదటిసారి జరిమానా 50,000 దాకా. పై లెక్కలో ఒక మనిషికి నెలకు తక్కువ పడింది 13,250. ఇరవైమంది ఉన్నచోట నెలకు 2,65,000. జరిమానాతో పోల్చి చూసుకోవచ్చు. కార్మికుడు క్లెయిం వేస్తే బాకీకి పది రెట్ల దాకా పరిహారం వేసే వీలుంది గానీ, ఆ క్లెయిం వేయాల్సింది రేపు పొద్దున మళ్లీ అదే గేటు దాటాల్సిన మనిషి.

హద్దులు కూడా మారాయి. కరెంటు వాడే చోట పదిమందితో ఫ్యాక్టరీ అయ్యేది, ఇప్పుడు ఇరవైమంది ఉండాలి. పన్నెండుమందితో నడిచే నూనె మిల్లు ఫ్యాక్టరీ లెక్కలోంచి జారిపోయింది. అదే సమయంలో, ఇదివరకు షెడ్యూలులో, అంటే చట్టం జాబితాలో ఉన్న పనులకే పరిమితమైన కనీస వేతనం కొత్త కోడ్‌తో అందరికీ వర్తించేలా మారింది. వల ఒకవైపు వెడల్పయింది, ఇంకోవైపు కన్నం పెద్దదైంది.

## మేస్త్రీ నోటుబుక్కు

ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు లేబర్ ఉంటారన్న మాట ఊరికే పుట్టలేదు. ఆ గుంపుల్లో జీతం నెలనెలా రాదు. దసరా, దీపావళి రోజుల్లో మేస్త్రీ ఇంటికొచ్చి జంటకు ఇంతని అడ్వాన్స్ ఇస్తాడు. ఆ డబ్బు పిల్ల పెళ్లికో, బోరుకో, ఆస్పత్రికో పోతుంది. తర్వాత చేసే పనంతా దాన్ని తీర్చడానికే. అడ్వాన్స్ తీసుకున్నవాడు ‘నాకు ఎనిమిది గంటలే’ అని అనగలడా?

వేరే రాష్ట్రం పోయే కూలీలకు 1979 చట్టం నెల వేతనంలో సగమో, 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది స్థానభ్రంశ భత్యంగా ఇవ్వమంది. కొత్త కోడ్‌లో అది లేదు, ప్రయాణ భత్యం ఉంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే. ఆ అధికరణంలోని ‘బేగార్’ అన్న మాటను మనం తెలుగులో వెట్టి అంటాం.

మేస్త్రీల నోటుబుక్కులు నేను రెండు మూడు చూశాను. పొడుగాటి లెక్కల పుస్తకం, అట్ట చిరిగి రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. జంటకో పేజీ. ఎడమవైపు ఇచ్చిన అడ్వాన్స్, దాని పక్కన ఆస్పత్రి ఖర్చులు, బియ్యం, చార్జీలు. కుడివైపు తేదీల వరుసలో నాగాలకు ఎర్ర పెన్నుతో గుండ్రాలు. ఏ పేజీలోనూ గంటలకు గడి లేదు.